గొర్రెలో పెరిగిన మనిషి కాలేయ కణాలు రోగి దాకా ఎప్పుడొస్తాయి?

కడుపుతో ఉన్న గొర్రెకు మత్తిచ్చి, లోపల పెరుగుతున్న పిల్లకు సన్నటి సూదితో మనిషి మూలకణాలు (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాలు) ఎక్కిస్తే ఏమవుతుంది? అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో ఎస్మాయిల్ జంజానీ, గ్రాసా అల్మెయిడా పొరాడాల బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. అలా పుట్టినవి చూడటానికి మామూలు గొర్రె పిల్లలే. మేత, అరుపు, నడక అన్నీ గొర్రెవే. కానీ వాటి కాలేయంలో మనిషి కణాలు కనిపించాయి. 2004లో వెలువడిన వాళ్ల ఫలితాల ప్రకారం కొన్ని గొర్రెల కాలేయ కణాల్లో దాదాపు 20 శాతం దాకా మనిషివే. అవి ఊరికే బతికి ఉండటం కాదు, పని కూడా చేశాయి. మన కాలేయం రోజూ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను, అచ్చం మనిషి ఆల్బుమిన్‌ను, గొర్రె రక్తంలోకి వదిలాయి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల గొర్రెల కాపరులకు ఈ ప్రయోగంలోని లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. గొర్రె చూడి కాలం ఐదు నెలలు, దాదాపు 150 రోజులు. సూది వేసింది 55 నుంచి 65 రోజుల మధ్య. అప్పటికి పిండంలో అవయవాలు రూపు కట్టాయి గానీ, బయటి నుంచి వచ్చినదాన్ని గుర్తుపట్టి తరిమేసే రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా రాలేదు. ఆ కొద్ది రోజుల్లో లోపలికి చేరిన మనిషి కణాన్ని పిండం తన కణంగానే లెక్కేసుకుంటుంది. గడువు దాటాక ఎక్కిస్తే కణాలు నిలవవు. ఈ ప్రయోగానికి గొర్రెనే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని పిండం సూదికి అందేంత పెద్దది, పుట్టిన పిల్ల ఏళ్ల తరబడి బతుకుతుంది. రెండు మూడేళ్లకు మించి బతకని చిట్టెలుకలో చూడలేని మార్పులు గొర్రెలో చూడొచ్చు.

ఒంగోలు జాతి పశువుల గడ్డ మీద ఒక తేడా చెప్పుకోవాలి. మేలు జాతి ఆవు పిండాన్ని మరో ఆవు గర్భంలో పెట్టి దూడను పుట్టించే పద్ధతి ఇక్కడి పశుపోషకులకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా చింతలదేవిలో దేశీ జాతుల కోసం ప్రత్యేకంగా జాతీయ కామధేను కేంద్రమే ఉంది. కానీ అలా పుట్టిన దూడలో మోసిన ఆవు కణాలు కలవవు, అది పూర్తిగా తన జాతి దూడే. గొర్రె ప్రయోగం అలాంటిది కాదు. ఒకే శరీరంలో రెండు జీవుల కణాలు పక్కపక్కనే ఉంటాయి. ఇలాంటి జీవిని కైమెరా అంటారు. రెండూ కలిసి సంకర జాతి అయిపోవు. గొర్రె కణం గొర్రె కణంగానే ఉంటుంది, మనిషి కణం మనిషి కణంగానే ఉంటుంది.

ఇంత కష్టం ఎందుకు పడుతున్నారు?

కాలేయం పని మందులతోనో మిషన్‌తోనో జరిగేది కాదు కాబట్టి. కిడ్నీలు చెడిపోతే డయాలసిస్ మీద ఏళ్లు గడపొచ్చు. లివర్‌కు అలాంటి మిషన్ లేదు. తిన్నదాన్ని అరిగించే పైత్యరసం, గాయమైతే రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు, అమ్మోనియాను యూరియాగా మార్చి విషాన్ని దించడం, వేసుకున్న మాత్రను ముక్కలు చేయడం, ఇన్ని పనులు ఒకే అవయవం చేస్తుంది. మనిషి కాలేయం కిలోన్నర దాకా తూగుతుంది. అందులో పదివేల కోట్లకు పైగా కాలేయ కణాలుంటాయి.

ఇన్ని కోట్ల కణాలూ దెబ్బతిని, గట్టిపడి, కడుపులో నీళ్లు చేరే స్థితికి వస్తే మిగిలేది లివర్ మార్పిడే. అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ 1963లో డెన్వర్‌లో మొదటి ప్రయత్నం చేశారు. 1967లో ఆయన చేతిలోనే అది ఫలించింది. మన దేశంలో 1998లో విజయవంతంగా మొదలైంది. ఇప్పుడు నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల్లో చేరే చెన్నైలో ఇది తరచూ జరిగే ఆపరేషన్. అయితే ఖర్చు సాధారణంగా ఇరవై లక్షల పైమాటే. డబ్బు కూడినా లివర్ ఇచ్చేవాళ్లు కావాలి. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాల కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూడాలి. లేదా ఇంట్లోవాళ్లలో బ్లడ్ గ్రూప్ కలిసినవాళ్లు ఆపరేషన్ బల్ల మీద పడుకుని తమ లివర్‌లో సగానికి పైగా ఇవ్వాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కత్తి పెట్టడం చిన్న విషయం కాదు. ఆ నిర్ణయం తీసుకునే రోజుల్లో ఒక కుటుంబం పడే టెన్షన్ పక్కవాళ్లకు తెలియదు.

కాలేయానికీ నెల్లూరు జిల్లాకూ మరో సంబంధం ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో 1992లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్లను మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరుతో రాష్ట్రమంతా తెలిసిన ఆ ఉద్యమం వేలంపాటలను ఆపింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం దాని వెనకే వచ్చాయి. ఆ ఆడవాళ్లు పోరాడింది కూలి డబ్బులు కొట్టు పాలవుతున్నాయని, ఇంట్లో దెబ్బలు తప్పడం లేదని, మగవాళ్లు నడివయసులోనే పోతున్నారని. నడివయసు చావుల వెనక చెడిన కాలేయం కూడా ఉంటుంది. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. మూలకణాల మీద ఎంత గొప్ప పరిశోధన జరిగినా, దూబగుంట ఆడవాళ్లు కాపాడినన్ని కాలేయాలను అది ఇప్పటికైతే కాపాడలేదు.

రక్తం నుంచి కాలేయమా?

గొర్రె ప్రయోగంలో ఒక చిక్కు ఉంది. ఎక్కించింది ఎముక మజ్జ మూలకణాలు. వాటి పని రక్తం తయారుచేయడం. రక్తం చేయాల్సిన కణం కాలేయ కణంగా ఎలా మారింది? ఈ ప్రశ్న దగ్గరే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఈ రోజు స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల పేరుతో జరుగుతున్న వ్యాపారాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ వాదన తెలియాలి.

2000లో అమెరికాలో ఎరిక్ లగాస్, మార్కస్ గ్రోంప్ తదితర శాస్త్రవేత్తలు ఒక సంచలన ఫలితం చెప్పారు. పుట్టుకతోనే కాలేయ జబ్బున్న చిట్టెలుకలకు మరో చిట్టెలుక రక్త మూలకణాలు ఎక్కిస్తే జబ్బు నయమైంది. కాలేయంలో దాత కణాల గుర్తులున్న కణాలు గుంపులుగా కనిపించాయి. మజ్జ కణం కాలేయ కణంగా మారిపోతుందని అందరూ సంబరపడ్డారు. రోగి సొంత మజ్జే రోగి లివర్‌ను బాగుచేస్తుందన్న ఆశ అప్పుడే పుట్టింది.

మూడేళ్లకు అసలు సంగతి తేలింది. 2003లో గ్రోంప్ బృందమే, మరో బృందం విడిగా, ఆ కణాల క్రోమోజోములనూ జన్యువులనూ పరీక్షించి చూశాయి. మజ్జ కణం కాలేయ కణంగా మారలేదు. మజ్జ నుంచి పుట్టిన రక్త కణాలు చెడిపోయిన కాలేయ కణాలతో అతుక్కుని ఒక్కటైపోయాయి. రెండు కణాలు కలిసిన ఆ కణంలో దాత వైపు నుంచి మంచి జన్యువు వచ్చి చేరడంతో అది బతికి, పెరిగింది. నయం కావడం నిజమే, దానికి చెప్పుకున్న కారణం మాత్రం తప్పు. గొర్రెల్లో కనిపించిన కణాలు ఇలా అతుక్కున్నవి కావని నెవాడా బృందం వాదించింది. అది పెరుగుతున్న పిండం, అక్కడి పరిస్థితి వేరు. పుట్టి పెరిగిన జీవిలో మాత్రం మజ్జ కణం తనంతట తాను కాలేయమైపోతుందన్న మాటకు బలం పోయింది. ఆ తేడాను పట్టించుకోకుండా, 2000 నాటి ఆశనే ఇప్పటికీ అమ్ముతున్నవాళ్లున్నారు.

తమ పేరు మోగించిన ఫలితాన్ని తామే తిరగదోడి సరిచేసుకోవడం సైన్సులో గౌరవించాల్సిన పని. గ్రోంప్ అక్కడితో ఆగలేదు.

ఖాళీ ఉంటేనే పెరుగుతాయి

ఆ చిట్టెలుకల జబ్బు పేరు టైరోసినీమియా. మనుషుల్లో పసిపిల్లలకు అరుదుగా వస్తుంది. మనం తినే ప్రొటీన్‌లోని టైరోసిన్‌ను ముక్కలు చేసే చివరి ఎంజైమ్ లేకపోవడంతో విషపదార్థాలు కాలేయ కణంలోనే పోగై ఆ కణాన్నే చంపేస్తాయి. దీనికి నిటిసినోన్ అనే మందు ఉంది. కలుపు మందుల పరిశోధనలో బయటపడిన రసాయనం అది. విషం తయారయ్యే మెట్టుకు ముందే ఆ దారిని మూసేస్తుంది. 1990ల ఆరంభం నుంచి పసిపిల్లల ప్రాణాలు కాపాడుతోంది.

ఈ మందును ఒక తాళంలా వాడొచ్చని గ్రోంప్ బృందం గ్రహించింది. చిట్టెలుకకు మందు ఇస్తున్నంతకాలం దాని కాలేయం బాగానే ఉంటుంది. మందు ఆపేస్తే దాని సొంత కణాలు మెల్లగా చచ్చిపోతాయి. ఆ సమయానికి మనిషి కాలేయ కణాలను ఎక్కించి ఉంచితే, ఆ ఎంజైమ్ ఉన్న మనిషి కణాలు మాత్రం బతికి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. కోతకొచ్చిన పైరు నిలబడి ఉన్న పొలంలో ఎంత మంచి నారు తెచ్చి నాటినా పాతుకోదు, పొలం ఖాళీ కావాలి. కాలేయంలోనూ అంతే. దీనికి తోడు రోగనిరోధక శక్తి లేకుండా జన్యువులు మార్చిన చిట్టెలుకలను తయారుచేశారు, మనిషి కణాలను తరమకుండా. 2007లో వెలువడిన ఫలితాల్లో కొన్ని చిట్టెలుకల కాలేయంలో 90 శాతం దాకా మనిషి కణాలే. అంతకుముందు 1990లలోనే అమెరికాలో రాల్ఫ్ బ్రిన్‌స్టర్ తదితరులు మరో జన్యువుతో, తన కాలేయాన్ని తానే దెబ్బతీసుకునే చిట్టెలుకను తయారుచేసి ఈ దారి వేశారు.

ఈ రంగంలో ఇరవై ఏళ్లుగా తేలిన అతి ముఖ్యమైన విషయం ఇదే అనిపిస్తుంది. కాలేయ కణాన్ని తయారుచేయడం సగం పనే. అది కూర్చోవడానికి చోటు, పెరగడానికి కారణం కల్పించడం మిగతా సగం. చిట్టెలుకలో మందు ఆపేసి కాలేయాన్ని చంపొచ్చు. మనిషిలో ఆ పని చేయలేం. సిర్రోసిస్ వచ్చిన మనిషి కాలేయంలో పాత కణాలు పోయినచోట ఖాళీ ఉండదు, మచ్చ కట్టి గట్టిపడిన పీచు ఉంటుంది. అందులో కొత్త కణం నిలదొక్కుకోవడం చాలా కష్టం. చిట్టెలుక విజయం మనిషిలో పునరావృతం కాకపోవడానికి పెద్ద కారణం ఇదే. పరిమాణం సంగతి సరేసరి. 90 శాతం మనిషిదైన ఆ చిట్టెలుక కాలేయం ఒకటి రెండు గ్రాములు. మనకు కావలసింది దానికి వెయ్యి రెట్లు.

ఆ చిట్టెలుకలు ఏం పనికొచ్చాయి?

అవయవం ఇవ్వలేకపోయినా, ఈ చిట్టెలుకలు మందుల పరీక్షలో చేసిన మేలు తక్కువది కాదు. 1993లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో ఫియాలురిడిన్ అనే మందును హెపటైటిస్ బి రోగులు 15 మందికి ఇచ్చి చూశారు. అంతకుముందు జంతువుల్లో పరీక్షిస్తే కాలేయానికి ప్రమాదం ఉందని తేలలేదు. రోగుల్లో ఏడుగురికి లివర్ ఫెయిలైంది. ఐదుగురు చనిపోయారు, ఇద్దరు లివర్ మార్పిడితో బయటపడ్డారు. జంతువు కాలేయం మందును ముక్కలు చేసే తీరు వేరు, మనిషి కాలేయం తీరు వేరు. 2014లో మనిషి కాలేయ కణాలున్న చిట్టెలుకలకు అదే మందు ఇచ్చి చూస్తే ప్రమాదం స్పష్టంగా బయటపడింది. ఇలాంటి చిట్టెలుకలు 1993కు ముందే ఉంటే ఆ ఐదుగురు బతికేవాళ్లేమో.

వైరస్‌ల సంగతి మరీ ముఖ్యం. హెపటైటిస్ బి, సి వైరస్‌లు మామూలు చిట్టెలుకకు సోకవు. మనిషి కాకుండా వాటికి లొంగేది ప్రధానంగా చింపాంజీనే. 2001లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం బృందం మనిషి కాలేయ కణాలున్న చిట్టెలుకకు హెపటైటిస్ సి సోకించి చూపించింది. చింపాంజీల అవసరం తగ్గింది, మందుల పరీక్ష సులువైంది. బ్యులెవిర్టైడ్ అనే మందు కథ ఇందుకు మంచి ఉదాహరణ. హెపటైటిస్ బి వైరస్‌ను కాలేయ కణం గడప దాటనివ్వని ఈ మందును మనిషి కణాలున్న చిట్టెలుకల్లో పరీక్షించిన ఫలితాలు 2008లో వచ్చాయి. 2020లో యూరప్ దీన్ని హెపటైటిస్ డి చికిత్సకు అనుమతించింది. బి ఉన్నవాళ్లకే వచ్చే, బి కన్నా వేగంగా కాలేయాన్ని తినేసే జబ్బు అది. చిట్టెలుక నుంచి రోగి చేతికి నేరుగా వచ్చిన దారి అంటే ఇది.

హెపటైటిస్ బి అనగానే నెల్లూరు జిల్లావాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు ఒకటుంది. పాపిరెడ్డిపాలెంలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకాను తెచ్చింది. అప్పటిదాకా విదేశీ టీకా ధర మామూలు కుటుంబాలకు అందేది కాదు. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు ఇచ్చే టీకాల్లో ఇదొకటి. పుట్టిన రోజే ఇచ్చే ఆ సూది, నలభై ఏళ్ల తర్వాత వచ్చే సిర్రోసిస్‌నూ లివర్ క్యాన్సర్‌నూ చాలామటుకు ఆపుతుంది.

ఏ కణం నుంచైనా కాలేయ కణం

దాతల కాలేయం నుంచి తీసిన కణాలు దొరకడం కష్టం, ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే సత్తువ తగ్గుతుంది. అందుకే తరగని వనరు కోసం వెతికారు. 1998లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ మనిషి పిండం నుంచి మూలకణాలను వేరుచేశారు. 2006లో జపాన్‌కు చెందిన షిన్యా యమనాకా చిట్టెలుక చర్మ కణాన్ని, 2007లో మనిషి చర్మ కణాన్ని నాలుగు జన్యువులతో వెనక్కి తిప్పి, మళ్లీ పిండ దశ మూలకణంలా మార్చారు. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. అలాంటి కణాలకు పెరుగుదల ప్రొటీన్లను ఒకదాని తర్వాత ఒకటి ఇస్తూ పోతే, గర్భంలో కాలేయం ఏర్పడే వరుసలోనే అవి కాలేయ కణాల్లా మారతాయి.

కాలేయ కణాల్లా అనడమే సరైన మాట. గాజు పళ్లెంలో తయారైన ఈ కణాలు పెద్దవాళ్ల కాలేయ కణాల స్థాయికి ఎదగవు. గర్భస్థ శిశువు కాలేయం చేసే ఆల్ఫా ఫీటోప్రొటీన్‌ను ఇంకా చేస్తూనే ఉంటాయి. మందులను ముక్కలు చేసే శక్తి తక్కువ. వీటికి జంతు శరీరం అవసరమయ్యేది ఇక్కడే. రక్తనాళాలు, హార్మోన్లు, పక్క కణాల సంకేతాలు అందితే అవి ఇంకొంత ముదురుతాయి. 2013లో యోకోహామాలో తకనోరి తకేబె బృందం మూడు రకాల మనిషి కణాలను, అంటే కాలేయం వైపు అడుగేసిన కణాలను, రక్తనాళాల లోపొర కణాలను, అతుకుగా ఉండే కణాలను కలిపి పెంచింది. అవి తమంతట తామే ముడుచుకుని, కొద్ది మిల్లీమీటర్ల మొగ్గలుగా మారాయి. చిట్టెలుకలో పెట్టిన 48 గంటల్లోనే ఆ మొగ్గల్లోని రక్తనాళాలు చిట్టెలుక రక్తనాళాలతో కలిసిపోయాయి. తర్వాత మనిషి ఆల్బుమిన్ కూడా వచ్చింది. ఈ రంగంలో ఇంత అందమైన ప్రయోగాలు తక్కువ.

అయితే ఒక్క భయం వదలదు. మారకుండా మిగిలిపోయిన మూలకణం ఒక్కటి వెళ్లినా గడ్డగా పెరగొచ్చు. ఆ వడపోత పూర్తిగా నమ్మకంగా ఉంటే తప్ప మనిషికి ఎక్కించకూడదు.

పందిలో మొత్తం అవయవం?

చిట్టెలుక చిన్నది కాబట్టి, పందిలో మనిషి అవయవాన్నే పెంచితే సరిపోతుందన్న ఆలోచన వచ్చింది. హిరోమిత్సు నకౌచీ బృందం 2010లో చిట్టెలుకలో ఎలుక క్లోమాన్ని పెంచి ఇది సాధ్యమేనని చూపింది. ఆ చిట్టెలుక పిండంలో క్లోమం తయారయ్యే జన్యువును ముందే తీసేశారు. ఖాళీ అయిన ఆ చోటును ఎలుక మూలకణాలు నింపాయి. ఇక్కడా ఖాళీయే సూత్రం. కానీ ఎలుక, చిట్టెలుక దగ్గరి బంధువులు. మనిషీ పందీ కావు. 2017లో అమెరికాలోని సాల్క్ సంస్థలో హువాన్ కార్లోస్ ఇజ్పిసువా బెల్మోంటె బృందం మనిషి మూలకణాలు పెట్టిన రెండువేలకు పైగా పంది పిండాలను ఆడ పందుల గర్భంలో పెట్టింది. నాలుగు వారాల తర్వాత చూస్తే మనిషి కణాలు లక్షకు ఒకటి కూడా లేవు. 2023లో చైనాలోని గ్వాంగ్‌జౌ బృందం ఇదే దారిలో పంది పిండాల్లో కిడ్నీ మొలకను పెంచితే, అందులో సగానికి పైగా మనిషి కణాలు వచ్చాయి. 28 రోజుల్లోపే ఆ ప్రయోగాన్ని ఆపేశారు.

ఆపడానికి కారణం ఉంది. కాలేయంలోకి వెళ్లాల్సిన మనిషి కణాలు పంది మెదడులోకో, బీజకణాల్లోకో (అండం, వీర్యం తయారయ్యే కణాలు) వెళ్తే ఏమిటి? ఈ భయం కల్పన కాదు, పిండంలో పెట్టిన కణం ఎటు పోతుందో పూర్తిగా అదుపు చేయడం ఇంకా రాలేదు. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో తెచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఇందుకే కట్టుదిట్టంగా ఉన్నాయి. బీజకణాల్లోకి మనిషి కణాలు చేరే అవకాశం ఉన్న జంతువులను ఈనించడం నిషిద్ధం. జంతువు బాధ సంగతి కూడా మరవకూడదు. కాలేయం చచ్చిపోయేలా పుట్టించిన చిట్టెలుకది సుఖమైన బతుకు కాదు. దానివల్ల మనిషి ప్రాణం నిలుస్తుందంటే ఒప్పుకోవచ్చు. కుతూహలం కోసం చేస్తే ఒప్పుకోలేం.

ఇంకోవైపు, మనిషి కణాల ఊసు లేకుండా జన్యువులు మార్చిన పంది కాలేయాన్నే మనిషికి పెట్టే ప్రయత్నం ముందుకు కదిలింది. 2024 మార్చిలో చైనాలోని షియాన్‌లో బ్రెయిన్ డెడ్ అయిన వ్యక్తిలో పంది కాలేయం పది రోజులు పనిచేసి, పైత్యరసం, ఆల్బుమిన్ తయారుచేసింది. అదే ఏడాది మేలో 71 ఏళ్ల రోగికి, ఆయన సొంత లివర్‌లో మిగిలిన భాగానికి తోడుగా పంది కాలేయం పెట్టారు. 38వ రోజున రక్తనాళాల్లో గడ్డల సమస్యతో తీసేయాల్సి వచ్చింది. ఆయన ఆపరేషన్ తర్వాత 171 రోజులు బతికారు.

మనుషుల్లో కణాల చికిత్స ఇప్పటికి ఎక్కడుంది?

దీని చరిత్రలో హైదరాబాద్‌కూ చోటుంది. డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం, అకస్మాత్తుగా లివర్ ఫెయిలైన రోగులకు గర్భస్థ శిశువుల కాలేయ కణాలను పొట్టలోకి ఎక్కించిన ఫలితాలను 1994లోనే ప్రచురించింది. 1998లో అమెరికాలోని నెబ్రాస్కాలో పుట్టు కామెర్ల జబ్బున్న పదేళ్ల అమ్మాయికి 750 కోట్ల కాలేయ కణాలు ఎక్కించారు. కామెర్లు సగానికి తగ్గాయి, పూర్తిగా పోలేదు. 2019లో జపాన్‌లో, అమ్మోనియాను దించుకోలేని జబ్బుతో పుట్టిన ఆరు రోజుల పసికందుకు పిండ మూలకణాల నుంచి తయారుచేసిన 19 కోట్ల కాలేయ కణాలు ఇచ్చారు. ఆ కణాలు బిడ్డను కొన్ని నెలలు కాపాడాయి. ఆ తర్వాత తండ్రి లివర్ ముక్కతో మార్పిడి చేశారు. ఇక్కడ కణాలు ఆపరేషన్‌కు బదులు కాలేదు, ఆపరేషన్ దాకా బిడ్డను తీసుకొచ్చాయి. ఈ చికిత్సకు ఇప్పట్లో దక్కగల పాత్ర అదే కావచ్చు.

2000 నాటి ప్రయోగం చేసిన లగాస్ ఇప్పుడు వేరే దారి తొక్కారు. చెడిపోయిన కాలేయంలో ఖాళీ లేదు కాబట్టి కణాలను కాలేయంలో పెట్టడమే మానేసి, కడుపులోని లింఫ్ గ్రంథుల్లో పెట్టారు. అక్కడ రక్తం సమృద్ధిగా అందుతుంది. చిట్టెలుకల్లో, పందుల్లో ఆ గ్రంథులు చిన్న కాలేయాల్లా పనిచేశాయి. 2024లో మొదటి రోగికి ఎండోస్కోపీ ద్వారా దాత కాలేయ కణాలు ఇచ్చారు. ఒక దాత కాలేయం అనేక మందికి సరిపోవాలన్నది లక్ష్యం. రాబోయే ఏళ్లలో కళ్లు పెట్టి చూడాల్సిన ప్రయోగం ఇది.

ఇక రోగి సొంత మజ్జ తీసి, శుద్ధి చేసి, తిరిగి లివర్‌కు ఎక్కిస్తామన్న ఇంజెక్షన్ సంగతి. బ్రిటన్‌లో 81 మంది సిర్రోసిస్ రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. మజ్జ కణాలు తీసుకున్నవాళ్లకు మామూలు వైద్యం పొందినవాళ్ల కన్నా మేలు జరగలేదు. ఇబ్బందులు మాత్రం ఎక్కువయ్యాయి. మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప, లివర్ జబ్బుకు మూలకణాల చికిత్సను మామూలు వైద్యంగా డబ్బు తీసుకుని ఇవ్వకూడదు. అనుమతి పొందిన పరీక్షలో భాగంగానే ఇవ్వాలి. అలాంటి పరీక్ష దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. అందులో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు రుసుము వసూలు చేయకూడదు. కావలి నుంచో కనిగిరి నుంచో పొలం కుదువపెట్టి వచ్చిన కుటుంబాన్ని ఎవరైనా లక్షలు కట్టమంటే, రిజిస్ట్రీ నంబర్ ఏమిటి, పరీక్ష అయితే డబ్బెందుకు అన్న రెండు ప్రశ్నలు అడిగితే చాలు. సమాధానం చెప్పలేనివాళ్ల దగ్గర చికిత్స లేదు.

ఇవాళ ఉచితంగా అందేది వేరే ఉంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో బి, సి పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సి అయితే చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. హెపటైటిస్ బి అలా కాదు, మాత్రలు ఏళ్ల తరబడి వాడాలి. ఒంట్లో బాగుందని మధ్యలో ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ ఫెయిలయ్యే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. ఇంట్లో ఒకరికి బి ఉందని తేలితే మిగతావాళ్లందరూ పరీక్ష చేయించుకుని, లేనివాళ్లు టీకా వేయించుకోవాలి.